సేంద్రియ సాగు సబ్సిడీ ఎవరి పేరున, ఎవరి చేతికి: అనంతపురం జిల్లాలో ఒక గ్రూపు కేస్ స్టడీ

ఇది అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దు వైపు ఉన్న ఒక మెట్ట ఊరి కేసు. పరంపరాగత్ కృషి వికాస్ యోజన అనే సేంద్రియ సాగు పథకం కింద అక్కడ సేంద్రియ రైతుల గ్రూపు ఒకటి ఏర్పడింది. రెండో ఏడాదికే అది విడిపోయే దశకు వచ్చింది. ఆ ఏడు వానలు పర్వాలేదు, పంటా పర్వాలేదు. గొడవంతా డబ్బు దగ్గరే. ఎవరికి ఎంత వచ్చిందో ఊరిలో ఏ ఒక్కరికీ తెలియదు. ఆ జాబితాను ఎలా బయటికి తెచ్చామో, ఊరి ముందు పెట్టాక ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇంతకుముందు ఉపాధి హామీ సామాజిక తనిఖీలో డీఆర్‌పీగా, అంటే జిల్లా రిసోర్స్ పర్సన్‌గా పనిచేశాను. ఇప్పుడు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున రైతు గ్రూపులకు పీజీఎస్ అనే సేంద్రియ సర్టిఫికెట్ కాగితాల పనిలో సాయపడుతున్నాను. రైతుల పేర్లు, ఊరి పేరు, ఆఫీసులు, ఏజెన్సీల పేర్లు రాయడం లేదు. ఆ షరతు మీదే ఊరివాళ్లు ఈ వివరాలు బయట పెట్టడానికి ఒప్పుకున్నారు.

పథకం డబ్బు నడిచే దారి

పరంపరాగత్ కృషి వికాస్ యోజన 2015-16లో మొదలైంది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. పక్కపక్కన చేలున్న రైతులు కలిసి 20 హెక్టార్ల క్లస్టర్‌గా ఏర్పడాలి. అంటే మన లెక్కలో దాదాపు 50 ఎకరాలు. ఒక రైతుకు 2 హెక్టార్లకు మించి సాయం రాదు. ఇటీవలి లెక్క ప్రకారం హెక్టారుకు మూడేళ్లకు కలిపి 31,500 రూపాయలు. ఇందులో రైతు ఖాతాలో నేరుగా పడేది 15,000. మిగతా 16,500లో శిక్షణకు, అవగాహనకు 9,000, మార్కెటింగ్, ప్యాకింగ్ వంటి వాటికి 4,500, సర్టిఫికేషన్‌కు, పంటలో మిగిలిన మందుల అవశేషాల పరీక్షకు 3,000 పోతాయి.

ఈ లెక్కను ఎకరాల్లోకి మారిస్తే అసలు సంగతి తెలుస్తుంది. రైతు ఖాతాలో పడే 15,000 మూడేళ్లకు, రెండున్నర ఎకరాలకు. అంటే ఎకరాకు ఏడాదికి రమారమి 2,000 రూపాయలు. ఎకరా వేరుశనగకు విత్తనం ఖర్చులో కూడా ఇది కొంతే. క్లస్టర్ మొత్తానికి చూస్తే మాత్రం 6,30,000 అవుతుంది. అందులో రైతులకు నేరుగా వచ్చేది 3,00,000, రైతుల పేరు మీద వేరేచోట ఖర్చయ్యేది 3,30,000. ఈ రెండు అంకెలను పాఠకులు గుర్తుంచుకోవాలి. గొడవ మూలం అక్కడే ఉంది.

డబ్బు ఒక దారిలో నడుస్తుంటే సర్టిఫికెట్ ఇంకో దారిలో నడుస్తుంది. ఎగుమతికి వాడే ఎన్‌పీఓపీ పద్ధతిలో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. దానికి ఖర్చెక్కువ. ఈ పథకంలో ఉన్నది పీజీఎస్ ఇండియా పద్ధతి. ఇందులో రైతులే ఒకరి చేను ఒకరు చూసి, మందు వేయలేదని సంతకం పెట్టాలి. స్థానిక గ్రూపులో కనీసం ఐదుగురు ఉండాలి. సేంద్రియ సాగుకు మారే కాలంలో పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్ అనే గుర్తు వస్తుంది. పక్కరైతు మాట మీద నిలబడే పద్ధతి కాబట్టి ఊరిలో నమ్మకం పోయిందంటే సర్టిఫికెట్ కూడా పోయినట్టే.

ఊరు, రైతులు, ఖాతాలో పడే డబ్బు

జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ సమయానికి రాదు. నైరుతి వానలకు పడమటి కనుమల వెనక పడిన ప్రాంతం మాది. ఎర్రనేలల్లో వేరుశనగ, దానిలో అంతర పంటగా కంది, బోరున్న చోట చీనీ (బత్తాయి), టమాటా. ఈ గ్రూపులో ఎక్కువమంది మెట్ట రైతులే. వేరుశనగతో పాటు కొర్ర, అండుకొర్ర, సజ్జ వేసేవాళ్లు కొందరు. పశువులున్న ఇళ్లు తగ్గిపోయినా పేడ, మూత్రంతో ఘనజీవామృతం, ద్రవజీవామృతం అనే ఎరువులు చేసుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. రాష్ట్రంలో పదేళ్లుగా నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వల్ల ఆడవాళ్ల పొదుపు సంఘాలకు ఆ పని బాగా తెలుసు.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. అనంతపురం రైతు ఖాతాలో ఏడాదిలో రకరకాల డబ్బు పడుతుంది. పీఎం కిసాన్ విడతలు, రాష్ట్రం ఇచ్చే పెట్టుబడి సాయం, కరవు ఏడు అయితే ఇన్‌పుట్ సబ్సిడీ, ఎప్పుడో ఒకసారి పంటల బీమా. వచ్చిన మెసేజ్‌లో ఇంగ్లీషు పొడి అక్షరాలు, ఒక నంబరు ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించినా అవే అక్షరాలు. ఏ పథకం డబ్బో రైతుకు అర్థమయ్యే దారి లేదు. అడిగితే "ఏందో లెక్క పడింది సార్, దేనిదో తెల్దు" అంటారు (మా వైపు మాటల్లో లెక్క అంటే డబ్బు). ఆ మాట అబద్ధం కాదు. డబ్బు ఖాతాకు నేరుగా వేస్తే అవినీతి పోతుందని మనం చాలాసార్లు విన్నాం. దేనికి వచ్చిందో తెలియని డబ్బు గురించి రైతు ఎవరినీ నిలదీయలేడు, అది రాకపోయినా అడగలేడు.

గొడవ ఎట్లా మొదలైంది

మొదటి విడత పడ్డాక గ్రూపు లీడరు ఇంటింటికీ తిరిగి ఆ డబ్బు వసూలు చేశాడు. అందరూ విడివిడిగా కొనేకంటే కలిపి కొంటే రేటు తగ్గుతుందని గ్రూపు మీటింగులో అనుకున్న మాటే అది. 200 లీటర్ల డ్రమ్ములు, వేపపిండి, వేపనూనె, వానపాముల ఎరువుకు వర్మీబెడ్లు, పురుగులను పట్టే పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు తెప్పించాడు. డబ్బు ఇచ్చినవాళ్లకు సరుకు అందింది. కొందరు డబ్బు ఇవ్వలేదు, వాళ్లకు అందలేదు. కొందరికి డబ్బు పడిందో లేదో కూడా తెలియదు.

ఆ సమయంలో మండలంలో జరిగిన ఒక శిక్షణలో ఎవరో అధికారి "ఒక్కో క్లస్టర్‌కు ప్రభుత్వం ఆరు లక్షలకు పైగా ఇస్తోంది" అని మాట వరసకు అన్నాడు. ఆ మాట ఊరికి చేరింది. రైతులు తమకు వచ్చింది, కొన్న సరుకు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఎంత కూడినా ఆరు లక్షల దరిదాపుల్లోకి రాలేదు. మిగిలింది లీడరు తిన్నాడనే మాట పుట్టింది. అది పుట్టాక ఎవరూ ఆపలేకపోయారు. టీ అంగడి దగ్గర, పాల కేంద్రం దగ్గర అదే మాట. లీడరు ఇంటికి కొత్తగా రేకులు వేయించుకున్నాడు. రేకుల ఖర్చు కూడా ఆ ఖాతాలోనే రాశారు ఊరివాళ్లు.

నేను ఆ ఊరికి వెళ్లింది పీజీఎస్ తనిఖీ కాగితాల కోసం. చేలు తిరగడానికి ఎవరూ రాలేదు. ఒకరి చేనుకు ఒకరు సంతకం పెట్టమంటే "వాని చేను సంగతి నాకేం తెల్సు" అన్నారు. ఒక పెద్దాయన సూటిగా అడిగాడు: "మా పేర్లు పెట్టి లెక్క ఎవురు తిన్న్యారో చెప్పు నాయనా, సంతకం అప్పుడు పెడతా." లీడరైతే గ్రూపు నుంచి తప్పుకుంటానని కాగితం రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఇట్లాంటి చోట చాలామంది పెద్దమనుషుల పంచాయితీ పెట్టి రాజీ చేస్తారు. నాకు అది సరైన దారి అనిపించలేదు. రాజీలో లీడరు తిన్నాడో లేదో ఎప్పటికీ తేలదు, అనుమానం మాత్రం అతని మీద అట్లాగే మిగిలిపోతుంది. తేల్చగలిగేది అసలు జాబితా ఒక్కటే.

జాబితా కోసం దరఖాస్తు

ముందు నోటిమాటగా అడిగాం. ఆన్‌లైన్‌లో ఉంటుంది చూసుకోండి అన్నారు. అక్కడ మాకు ఊరిలో ఎవరికి ఎంత పడిందో చూపే జాబితా దొరకలేదు. ఇదే ఊరిలో పీఎం కిసాన్ లబ్ధిదారుల జాబితా ఫోన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఉపాధి హామీలో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి పడింది అన్న మస్టర్లు ఎన్నో ఏళ్లు బహిరంగంగా ఉన్నాయి. 2006లో ఈ జిల్లాలోనే ఉపాధి హామీ మీద పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. ఆ తర్వాత రాష్ట్రమంతా ఆ పద్ధతి పాకింది. ఊరి మధ్యలో పేర్లు, మొత్తాలు చదివి వినిపించడం మా జిల్లా జనానికి అలవాటైన పని. సేంద్రియ సబ్సిడీ దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటు ఎందుకు ఆగిపోవాలి?

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాం. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఫీజు అక్కర్లేదు. దరఖాస్తు నా పేరుతో కాకుండా గ్రూపులోని ఇద్దరు రైతుల పేరుతో వేయించాను. బయటి సంస్థవాడు అడిగితే ఒక రకంగా చూస్తారు, పథకంలో ఉన్న రైతే అడిగితే ఇంకో రకంగా చూస్తారు. అడిగినవి నాలుగు: క్లస్టర్‌లో నమోదైన రైతుల పేర్లు, సర్వే నంబర్లు, విస్తీర్ణం; ఒక్కొక్కరికి ఏ తేదీన ఎంత పడింది; సరుకు రూపంలో ఏమైనా ఇచ్చి ఉంటే దాని వివరం, రేటు; శిక్షణ, సర్టిఫికేషన్, మార్కెటింగ్ కింద ఈ క్లస్టర్ పేరున ఎవరికి ఎంత చెల్లించారు.

గడువు 30 రోజులు. దాదాపు చివరికి జవాబు వచ్చింది. ఇది వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేం అన్నారు.

మొదటి అప్పీలు రాయడం ఈ కేసులో ముఖ్యమైన పని, అందుకే వివరంగా చెబుతాను. సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షన్‌లో ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాల్సినవి వరసగా ఉన్నాయి. అందులో పన్నెండో అంశం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు. పదమూడో అంశం రాయితీలు, అనుమతులు పొందినవాళ్ల వివరాలు. అంటే మేం అడిగింది అసలు అడగాల్సిన పనే లేని సమాచారం. దానితో పాటు 10వ సెక్షన్ చూపించాం. ఒక కాగితంలో కొంత భాగం ఇవ్వకూడనిదైతే దాన్ని చెరిపి మిగతాది ఇవ్వాలని అది చెబుతుంది. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు చెరిపేసి ఇవ్వండి, మాకు అవి అక్కర్లేదు అని మేమే రాశాం. ఈ ఒక్క వాక్యం చాలా పనిచేసిందని నా నమ్మకం. అధికారుల భయం చాలావరకు ఆ నంబర్ల గురించే. 2017లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ చెల్లింపుల పేజీల్లో జనం ఆధార్, బ్యాంకు నంబర్లు బయటపడిన సంగతి వాళ్లకూ గుర్తుంది. ఆధార్ చట్టం 29వ సెక్షన్ కూడా ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించకూడదనే చెబుతుంది.

అప్పీలు అధికారి మా వాదన ఒప్పుకున్నారు. మొదటి మూడు అంశాలకు సమాచారం ఇమ్మని ఆదేశించారు. నాలుగోదానికి, అంటే ఏజెన్సీలకు చెల్లింపుల వివరాలకు, "ఈ కార్యాలయంలో లభ్యం కాదు" అని రాశారు.

ఇప్పుడు ఎవరైనా ఇదే పనికి దిగితే ఒక మార్పు తెలుసుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చారు. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. పాత 8(1)(జె)లో ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలనే మాట ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదనే మాటా ఉండేది. ఇప్పుడు ఆ రెండూ అక్కడ లేవు. అయితే 8(2) సెక్షన్ అట్లాగే ఉంది. కలిగే నష్టం కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతుంది. 4(1)(బి)లోని పన్నెండో అంశాన్ని కూడా ఎవరూ తీసేయలేదు. అందుకని ఇకపై అప్పీలు ఈ రెండింటి మీద నిలబెట్టాలి. ఈ మార్పు తప్పని నేను గట్టిగా అనుకుంటున్నాను. సబ్సిడీ జాబితా దాచాలనుకునే ప్రతి ఆఫీసుకూ దీనివల్ల ఒక సులువైన జవాబు దొరికింది.

జాబితాలో ఏముంది

కాగితాలు వచ్చాక లీడరును, దరఖాస్తు వేసిన ఇద్దరినీ, అతన్ని గట్టిగా అనుమానించిన మరో ముగ్గురినీ రైతు సేవా కేంద్రంలో కూర్చోబెట్టాం. ఒక్కో పేరు చదువుతూ, ఈ చేను ఎక్కడుంది, ఎవరు సేద్యం చేస్తున్నారు, డబ్బు పడిందా, సరుకు ముట్టిందా అని అడుగుతూ పోయాం.

లీడరు సంగతి ముందు చెబుతాను. అతను వసూలు చేసిన మొత్తానికి, కొన్న బిల్లులకు తేడా రాలేదు. బిల్లులు ఒక పాత క్యాలెండర్ కవర్‌లో జాగ్రత్తగా దాచిపెట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, అతనూ చూపలేదు. వేపపిండి రేటు మాత్రం అప్పటి బజారు రేటు కంటే ఎక్కువ ఉందని రైతులు పట్టుకున్నారు. సరుకు ఎక్కడ కొనాలో అతనికి పైనుంచి చెప్పారట. ఆ రేటుకు కారణం అడగాల్సింది లీడరును కాదు.

రెండోది, ఆరు లక్షల సంగతి. యూనిట్ ఖర్చు పట్టిక కాగితం మీద వేసి చూపించాం. ఆరు లక్షల ముప్పై వేలలో ఊరికి రావలసింది మూడేళ్లలో మూడు లక్షలే, అప్పటికి వచ్చింది అందులో కొంతే. మిగతా మూడు లక్షల ముప్పై వేలు ఊరి ఖాతాల్లోకి రావాల్సినవే కావు. ఊరు లీడరు మీద మోపిన డబ్బు అతని ఇంటి గడప కూడా తొక్కలేదు. అది విన్నాక ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరికంటే ఎక్కువ అనుమానపడిన మనిషే అడిగాడు: "అయితే ఆ మిగతా లెక్క తిన్నోని పేరు ఈ కాగితంలో యాడుంది?" కేసులో అసలు ప్రశ్న అదే. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

మూడోది, చీనీ తోట. జాబితాలో ఒక సర్వే నంబరు చూసి అందరూ నోరు తెరిచారు. అది బోరు కింద డ్రిప్ ఉన్న చీనీ తోట, యూరియా, డీఏపీ లేకుండా ఒక్క ఏడూ నడవలేదు. ఆ రైతు ఏ మీటింగుకూ రాలేదు. పిలిపించి అడిగితే ఆశ్చర్యపోయింది ఆయనే. పాస్‌బుక్ జిరాక్స్ ఎప్పుడో వేరే పనికి ఇచ్చాడు. ఖాతాలో డబ్బు పడింది, ఇన్‌పుట్ సబ్సిడీ అనుకున్నాడు. 50 ఎకరాలు నిండాలి కాబట్టి ఎవరో జిరాక్స్ కలిపేశారు. ఆయన మోసం చేయలేదు. జాబితా ఊరి గోడ మీద ఉండి ఉంటే మొదటి వారంలోనే ఎవరో ఒకరు "ఈ తోట ఎట్లా వచ్చింది" అని అడిగేవారు.

నాలుగోది అన్నింటికంటే కష్టమైనది. చాలా పేర్లు పట్టా ఉన్నవాళ్లవి, సేద్యం చేసేది వేరేవాళ్లు. ఇద్దరు బెంగళూరులో ఉంటారు. ఒక పాస్‌బుక్ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది, కొడుకులు నోటిమాటగా పంచుకున్నారు. మూడు చేలు గుత్తకు, అంటే కౌలుకు, తీసుకున్నవాళ్లు చేస్తున్నారు. పేడ మోసింది, జీవామృతం కలిపింది, కలుపు తీసింది గుత్తవాళ్లు. డబ్బు పడింది పట్టాదారు ఖాతాలో. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలురైతుకు 11 నెలలకు కార్డు ఇస్తారు. దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అక్కడే ఆగిపోతుంది. సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందేమోనని యజమానులకు భయం.

గోడ మీద ఏం రాయాలి

అక్టోబరు 2 గ్రామసభలో జాబితా చదివి, సచివాలయం గోడ మీద రాయించాలని గ్రూపు నిర్ణయించింది. ఏ గడులు పెట్టాలన్న దాని మీద చాలా చర్చ జరిగింది. పేరు, సర్వే నంబరు, నమోదైన విస్తీర్ణం, పడిన మొత్తం, తేదీ, అందిన సరుకు. వీటిపై ఎవరికీ అభ్యంతరం లేదు. "సేద్యం చేసేది ఎవరు" అన్న గడి కూడా ఉండాలని నేను ప్రతిపాదించాను. గుత్తకు చేస్తున్న ఒక అక్క వద్దంది. "పేరు రాస్తే చేను పోతాది సార్. ఆయప్ప వచ్చే ఏడు ఇంగొకరికి ఇస్తాడు." మిగిలిన ఇద్దరూ అదే అన్నారు. వాళ్ల మాటకు విలువ ఇచ్చి ఆ గడి గోడ మీద పెట్టలేదు. వాళ్ల వివరాలు విడిగా రాసి, వాళ్ల అనుమతితో గ్రామ వ్యవసాయ సహాయకుడికి ఇచ్చాం. పారదర్శకత పేరుతో బలహీనుడి బతుకు బజారున పడకూడదు. సబ్సిడీ పొందినవాడి పేరు బయటికి రావాలి, పొందనివాడి పేరు అతను ఒప్పుకుంటేనే రావాలి. నాకు ఈ తేడా ఆ చర్చలోనే స్పష్టమైంది.

వ్యక్తిగత గోప్యత గురించి యూరప్‌లో పెద్ద వివాదమే నడిచింది. వ్యవసాయ సబ్సిడీ పొందిన ప్రతి రైతు పేరునూ ఇంటర్నెట్‌లో పెట్టాలన్న నియమాన్ని, వ్యక్తుల వరకు, అక్కడి న్యాయస్థానం 2010లో కొట్టేసింది. ఎంత పొందారు, ఎన్నాళ్లు పొందారు అన్న తేడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టడం తప్పని చెప్పింది. తర్వాత 2013లో కొత్త నియమం తెచ్చి మళ్లీ పేర్లు ప్రచురించడం మొదలుపెట్టారు. 1,250 యూరోల లోపు పొందిన చిన్న రైతుల పేర్లు మాత్రం దాచారు. చదివినప్పుడు ఇది న్యాయంగానే అనిపించింది. మన దగ్గరకు తెస్తే పనికిరాదు. మా క్లస్టర్‌లో మూడేళ్లకు ఒక రైతుకు వచ్చే అత్యధిక మొత్తమే 30,000 రూపాయలు. ఆ కొలత పెడితే ఒక్క పేరూ గోడ ఎక్కదు. మాకు సరిపోయింది ఇంకో పద్ధతి. ఊరిలో పూర్తి పేర్లు, ఎందుకంటే ఆ చేను ఎవరిదో, అందులో ఏం వేస్తున్నారో చెప్పగలిగేది ఊరే. ఊరి బయట, ఇంటర్నెట్‌లో, క్లస్టర్ మొత్తాలు చాలు. కాకపోతే సంస్థలకు, ఏజెన్సీలకు, సరఫరాదారులకు వెళ్లే డబ్బు విషయంలో ఏ గోప్యతా ఉండకూడదు. వాటి పేరు, మొత్తం, చేసిన పని అన్నిచోట్లా ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. రెండువేలు పొందిన రైతు గురించి ఊరంతా గుసగుసలాడుతుంది, లక్షలు పొందిన ఏజెన్సీ పేరు ఎవరికీ తెలియదు.

అందుకే గోడ మీద రెండు భాగాలు చేయించాం. పైభాగంలో రైతుల జాబితా. కింద "ఈ క్లస్టర్ పేరున శిక్షణ, సర్టిఫికేషన్, మార్కెటింగ్‌కు ఖర్చు" అని రాసి, పొందినవారు, మొత్తం, తేదీ అనే గడులు గీయించాం. ఆ గడులు ఖాళీగానే ఉంచాం. పెయింటర్ ఖాళీ గడులు ఎందుకని రెండుసార్లు అడిగాడు. గ్రామసభకు వచ్చిన ప్రతి అధికారి కంట్లో అవి పడాలి.

తర్వాత

గ్రామసభలో లీడరు బిల్లులన్నీ చదివాడు. రాజీనామా కాగితం అక్కడే చించేయమన్నారు. అతను చించలేదు, ఇంకో ఏడాది చూస్తానన్నాడు. చీనీ రైతు తన పేరు తీసేయమని రాసిచ్చాడు. పడిన డబ్బు వెనక్కి కట్టే పద్ధతి ఏమిటో చెప్పమని ఆఫీసును లిఖితంగా అడిగాడు, ఇంకా జవాబు రాలేదు. ఆయన స్థానంలో అంతకుముందు నుంచీ మందులు లేకుండా కొర్ర వేస్తున్న ఇద్దరు చిన్న రైతులను చేర్చాలని ప్రతిపాదన పంపాం. ఒకరిని తీసుకున్నారు. తండ్రి పేరు మీద పాస్‌బుక్ ఉన్న అన్నదమ్ములు మ్యుటేషన్‌కు (పేరు మార్పుకు) దరఖాస్తు పెట్టుకున్నారు, అందులో ఒక అన్న భాగంలో గొడవ తేలక అది ఆగి ఉంది.

పీజీఎస్ తనిఖీ మళ్లీ మొదలైంది. రైతులు చేలు తిరిగారు. ఒక చేను గట్టు మీద కలుపుమందు చల్లిన గుర్తులు కనిపిస్తే ఆ రైతును అక్కడే అడిగారు, పక్క పొలంవాళ్లు చల్లితే గాలికి వచ్చిందన్నాడు. అది నిజమా కాదా తేలేవరకు అతనికి సంతకం పెట్టకూడదని నిర్ణయించారు. మొహమాటానికి సంతకాలు పెట్టే గ్రూపులు నేను చాలా చూశాను. ఒకరి సంతకం ఆపగలిగిన గ్రూపు మీద నాకు నమ్మకం ఎక్కువ. కొందరు మాత్రం గ్రూపులోకి తిరిగి రాలేదు. ఎకరాకు రెండువేల కోసం ఇంత రచ్చ ఎందుకన్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

గుత్త రైతులకు డబ్బు అందేలా చేయలేకపోయాం. ఒక పట్టాదారు గ్రామసభలో సిగ్గుపడి, వచ్చిన దాంట్లో సగం గుత్తవాళ్లకు ఇచ్చాడు. అది ఆయన మంచితనం. పథకంలో దానికి దారి లేదు. పట్టా లేకపోయినా సాగు చేస్తున్నవాడు పీజీఎస్‌లో సభ్యుడుగా ఉంటే, గ్రూపు తీర్మానం ఆధారంగా ఇన్‌పుట్ డబ్బు అతనికే ఇవ్వాలని మేం రాసి పంపాం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ముఖ్యమంటే, 2024 నవంబరులో కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2,481 కోట్ల ఖర్చు, 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు లక్ష్యం. రైతుకు ఎకరాకు ఏడాదికి 4,000 చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం ఇస్తారు. దానితో పాటు పదివేల జీవ ఉత్పాదకాల కేంద్రాలు, ఊళ్లలో రైతులకు తోడ్పడే ముప్పైవేల మంది కృషి సఖులు. డబ్బు పెరుగుతుంది, అందుకునే చేతులూ పెరుగుతాయి. పాత పద్ధతిలోనే నడిస్తే ఇంకో లీడరు మీద ఇంకో ఊరు ఇదే నింద మోపుతుంది. జాబితా డబ్బు పడకముందు గోడ మీదకు రావాలి. ముసాయిదా జాబితా రాసి పదిహేను రోజులు ఉంచి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే చెల్లించాలి. మెసేజ్‌లో పథకం పేరు తెలుగులో రావాలి, ఇది ఖర్చులేని పని. సరుకు ఇస్తే రేటుతో సహా రాయాలి. ఇవి నేను మండలంలో ప్రతి మీటింగులోనూ చెబుతున్నాను, ఇకపైనా చెబుతాను.

నాలుగో అంశం మీద, అంటే ఆ 3,30,000 వాటాలో ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఎవరికి ఇచ్చారు అన్నదాని మీద, ఇద్దరు రైతులూ 90 రోజుల గడువు దాటకుండా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేశారు. విచారణ తేదీ ఇంకా రాలేదు. ఈలోగా జరిగిన శిక్షణలు ఎన్ని, ఎవరు వచ్చి చెప్పారు, భోజనం పెట్టారా లేదా, మట్టి నమూనాలు తీసుకెళ్లారా, రిపోర్టు ఇచ్చారా అన్నవి రైతుల జ్ఞాపకం నుంచి తేదీలవారీగా రాయించి పెట్టాం. బిల్లులు వచ్చిన రోజు పక్కన పెట్టి చూడటానికి అవి కావాలి. సర్టిఫికేషన్ పద్దు కింద జరిగిన అవశేషాల పరీక్ష రిపోర్టు ఒక్కటి కూడా మా గ్రూపు రైతుల చేతికి రాలేదు. దానికి విడిగా ఇంకో దరఖాస్తు ఈ నెలలో వేస్తున్నాం.